ఆహారమును తూచిన వైద్యుడు

కరీంనగరు ప్రాంతమున ఏ పల్లెకైనను పోయి, ఒక తల్లిని చూచి, నిన్నటి దినమున ఆమె రెండేండ్ల బిడ్డ ఏమి తినెనో చెప్పుమని యడిగినచో, ఆమె తడుముకొనక బదులు చెప్పును. ప్రొద్దున గట్క, మధ్యాహ్నము అన్నము, రాత్రి మరల అన్నము అని చెప్పును. ఆ మాట అసత్యము కాదు. కాని ఎంత గట్క? ఎంత అన్నము? గిన్నెలో పెట్టినదంతయు బిడ్డ తిన్నదా, సగము నేల చల్లి కోడిపిల్లలకు పెట్టినదా? తాత భోజనము చేయుచుండగా ఆయన కంచమునుండి రెండు ముద్దలు తిన్నదా? అక్క చంకనెక్కి పొరుగింటికి పోయి అచ్చట సర్వపిండి ముక్క కొరికినదా? ఆదిలాబాదు అడవి పల్లెలలోనైనచో, వేసవినాడు అన్నల వెంట పోయి తునికిపండ్లు తిన్నదా? తల్లి పొలమునకో కూలికో పోయి యుండును. ఆమెకు తెలియదు. తెలిసిన బిడ్డకు చెప్ప నేరదు.

ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును. కాని బిడ్డకు చాలినంత ఆహారము దొరకుచున్నదో లేదో నిర్ణయించుటకు ఇవియే ఆధారము. పెరుగుదల నిలిచిన బిడ్డను చూచి ఒకరు జబ్బు అందురు. ఒకరు దృష్టి తగిలినదందురు. తినుచునే యున్నది గదా యని తల్లి యనును. త్రాసు తెచ్చి తూచిననాడు గాని ఎవరి మాట నిజమో తేలదు. మన దేశమున అట్లు త్రాసులిచ్చి ఇంటింటికి మనుష్యులను పంపిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు వాలేసు రడెల్ ఐక్రాయిడు. ఆయన పుట్టుకచే మన దేశీయుడు కాడు. ఆయన పనిచేసిన చోటు నీలగిరులలోని కూనూరు. అప్పుడు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు నిజాము రాజ్యములోనివి. అయినను ఆయన నడిపిన పరిశోధనశాలయే పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చినది. ఆయన కాలమున వెలువడిన పట్టికలనుండి పెరిగిన పట్టికలతోనే నేడు మన పల్లెల బిడ్డల ఆహారమును లెక్కకట్టుచున్నారు.

ఐక్రాయిడు 1899వ సంవత్సరమున జన్మించెను. ఐర్లండు దేశమునందలి డబ్లిను నగరపు ట్రినిటీ కళాశాలలో వైద్యము నభ్యసించెను. యౌవనమున ఆయన న్యూఫౌండ్‌లాండునకు వైద్యుడుగా వెళ్ళెను. అది అట్లాంటికు సముద్రమున కెనడాకు తూర్పుననున్న ద్వీపము. అచ్చటి ప్రజలలో పెక్కుమంది చేపలు పట్టి జీవించువారు. శీతకాలము వచ్చినచో సముద్రము గడ్డకట్టి ఓడలు రాకపోకలు మానును. అప్పుడు వారు నెలల తరబడి నిలువ చేసికొన్న తెల్లని గోధుమపిండితోడను, తేనీటితోడను, బెల్లపు పాకముతోడను కాలము గడపుచుండిరి. చలికాలము ముగియు తరుణమున కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడి, ఒళ్ళు ఉబ్బెడిది. అది బెరిబెరి. ఈ వ్యాధి బియ్యము తినువారికి వచ్చునదియని వైద్యులు అనుకొనుచుండిన కాలమది. బియ్యము మొగమెరుగని జాలరులకు అది ఎట్లు వచ్చెను? పొట్టును తవుడును పూర్తిగా తీసివేసిన ధాన్యము బియ్యమైన నేమి, గోధుమయైన నేమి, ఫలము ఒక్కటియే. రేచీకటి గలవారిని కూడ ఆయన అచ్చట చూచెను. వారికి కాడ్ అను చేప కాలేజపు నూనె మందు. రోగి నాడి చూచుటతో పాటు అతని వంటయిల్లు కూడ చూడవలెనను సంగతి ఆయనకు ఆ మంచుదీవిలో బోధపడినది. అచ్చటి పోషకాహారలోప వ్యాధులను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములు 1928, 1930 సంవత్సరములందు ప్రకటింపబడెను.

తరువాత ఆయన లండనులోని లిస్టరు సంస్థలో విటమినులను గూర్చి పరిశోధించి, 1931లో నానాజాతి సమితి ఆరోగ్యశాఖలో చేరెను. అచ్చట ఎటియన్ బర్నే అను ఫ్రెంచి పండితునితో కూడి, పోషకాహారమునకు ప్రజారోగ్యమునకు గల సంబంధమును వివరించు నివేదికను 1935లో వెలువరించెను. ఆ యేడే కూనూరు పరిశోధనశాలకు అధిపతిగా మన దేశమునకు వచ్చెను.

కూనూరు పరిశోధనశాలను 1918లో బెరిబెరి పరిశోధనకై ఆరంభించినవాడు రాబర్టు మెక్కారిసను. భారతదేశమునందలి వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి, వాని పెరుగుదలను పోల్చి చూచిన ప్రసిద్ధుడు ఆయన. ఐక్రాయిడు ఎలుకలను విడువలేదు గాని, పల్లెలవైపు దృష్టి మరల్చెను. ఎలుకకు పెట్టిన మేత పంజరములోనే యుండును. మిగిలినది మరునాడు తూచవచ్చును. మనుష్యుల సంగతి అట్టిది కాదు.

ఆయనయు, ఆయన సహచరుడు కృష్ణనును దక్షిణదేశ గ్రామములలో జరిపిన ఆహార పరిశీలనల ఫలితములు 1937లో ప్రకటింపబడెను. అట్టి పరిశీలనయొక్క పద్ధతి ఇది. పరిశోధకుడు త్రాసుతో వంట మొదలు కాకమునుపే ఇంటికి చేరును. ఎసటిలో పోయబోవు బియ్యమును, పప్పును, కూరను, నూనెను తూచి వ్రాసికొనును. ఇట్లు వరుసగా కొన్ని దినములు జరుగును. ఇంటిలో ఎందరు భుజించిరో, చుట్టములెవరైన వచ్చిరో, ఇంటివారెవరైన బయట భుజించిరో విచారించును. వినుటకు సులభము. కాని కడు ఓపిక వలయును. పేదయింటి యిల్లాలు తన యింటి గింజలు పరాయివాడు తూచుట చూచి సిగ్గుపడును. ఆనాటికి అరువు తెచ్చియైనను నాలుగు గింజలు ఎక్కువ వండును. కలిగినయింటివారు పన్ను వేయుటకు వచ్చిరేమో యని తక్కువ చూపవచ్చును. కావున ఒకనాటి తూకమును నమ్మరాదు. రెండవ నాటికో మూడవ నాటికో త్రాసు ఇంటిలోని రోలువలె అలవాటగును. అప్పటినుండి వచ్చిన లెక్క నిజమునకు దగ్గరగా నుండును.

ఇంత చేసినను తూగినది ఇల్లే గాని బిడ్డ కాదు. ఈ సంగతిని కొంచెము నిలిచి చూడవలెను. కుండ అందరిది. దానిని విడదీసి లెక్కించుటకై శాస్త్రజ్ఞులు వంతులు ఏర్పరచిరి. మన దేశమున బహుకాలము వాడుకలోనున్న ఒక పట్టిక ప్రకారము, కష్టమైన పని లేని పురుషుని ఒకటిగా లెక్కించినచో, స్త్రీ పదింట ఎనిమిది వంతులు. ఐదు మొదలు ఏడేండ్లలోపు బిడ్డ పదింట ఆరు. ఒకటి మొదలు మూడేండ్లలోపు బిడ్డ పదింట నాలుగు. తల్లి, తండ్రి, ఆరేండ్ల పిల్లవాడు, రెండేండ్ల పిల్ల ఉన్న యింటిని తీసికొందము. వారి వంతులు కూడినచో 2.8 అగును. ఆ యింట దినమునకు 1400 గ్రాముల జొన్నలు వండినారనుకొందము. వంతు ఒకటికి 500 గ్రాములు. రెండేండ్ల పిల్లకు 200 గ్రాములు. కాగితముమీద పిల్ల కడుపు నిండినది.

ఇప్పుడు ఆ పిల్ల గిన్నెనే తూచుదము. తల్లి పావుకిలో జొన్నరవ్వతో గట్క వండినది. ఉడికిన పిదప దాని బరువు 1250 గ్రాములైనది. అనగా ప్రతి అయిదు గ్రాముల గట్కలో ఒక గ్రాము జొన్న, తక్కినది నీరు. పిల్ల గిన్నెలో 200 గ్రాముల గట్క పెట్టి చల్ల పోసినది. ఆ చల్లను వేరుగా తూచి వ్రాసికొనవలెను. లేనిచో నీళ్ళచల్ల బరువు గట్క బరువుగా లెక్కకెక్కును. పిల్ల తిన్నంత తిని లేచినది. గిన్నెలోను నేలమీదను మిగిలిన గట్క 50 గ్రాములు. తిన్నది 150 గ్రాములు. దానిలోని జొన్న 30 గ్రాములు మాత్రమే. నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, శక్తి సుమారు 340 కాలరీలు ఉండును. కావున ఆ పూట పిల్లకు చేరినది మూడు గ్రాముల మాంసకృత్తులు, రమారమి 100 కాలరీలు. రెండేండ్ల బిడ్డకు దినమునకు సుమారు వేయి కాలరీలు కావలెను. మూడు పూటలు ఇదే రీతిగా తిన్నను జొన్న 90 గ్రాములు దాటదు. కాగితముమీది 200 ఎక్కడ, గిన్నెలోని 90 ఎక్కడ! తక్కిన గింజలు ఎవరును దొంగిలింపలేదు. పెద్దలు తినిరి. తల్లి పిల్లకు తక్కువ పెట్టనులేదు. పిల్ల చిన్న కడుపు నీరుగల గట్కతో త్వరగా నిండినది, అంతే.

పాలు త్రాగు శిశువు విషయమున చిక్కు ఇంకను పెద్దది. తల్లిపాలను కొలుచుటకు గిన్నె లేదు. పాలు త్రాగుటకు ముందు శిశువును తూచి, త్రాగిన పిదప అవే బట్టలతో మరల తూచి, ఆ భేదమును వ్రాసికొనవలెను. పగలే కాదు, నడిరేయి లేచి త్రాగినప్పుడును తూచవలెను. ఒక్క పర్యాయము విడిచినచో ఆ దినపు లెక్క పోయినట్లే.

తూకము ఎంత సరియైనదైనను, తూచిన వస్తువులో ఏమున్నదో తెలియనిచో ప్రయోజనము లేదు. కూనూరులో ఆ పనియు జరిగినది. మన దేశపు ధాన్యములు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు ఒక్కొక్కటిగా పరీక్షించి, వానియందలి పోషకములను పట్టికలుగా కూర్చి, 1937లో ఐక్రాయిడు ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. అది 23వ సంఖ్య ఆరోగ్య పత్రికయను పేర వెలువడి, పలుమారులు సవరింపబడి ముద్రణము పొందినది. జొన్న, సజ్జ, రాగులు, తోటకూర, మునగాకు వంటి వానికి శాస్త్రగ్రంథమున గౌరవస్థానము లభించినది.

ఆంధ్రులు మరువరాని సంగతి ఒకటి ఈ కాలమున జరిగినది. అప్పటి మదరాసు రాష్ట్రమున బెరిబెరి అంతటను లేదు. ముఖ్యముగా ఉత్తర సర్కారులలో, అనగా కోస్తా తెలుగు జిల్లాలలో, కనబడుచుండెను. దక్షిణమున తమిళులును బియ్యమే తినుచుండిరి గదా, వారికేల రాదు? వారు తినునది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించి ఎండబెట్టినచో, తవుడులోని బి1 విటమిను గింజలోనికి ఇంకును. మరలో ఆడించినను చాలభాగము నిలుచును. పచ్చి వడ్లను మరపట్టినచో అది తవుడుతో కూడ పోవును. ఐక్రాయిడు, కృష్ణను, పాస్‌మోరు, సుందరరాజను కలిసి ఈ బియ్యపు సమస్యను గూర్చి 1940లో ఒక గ్రంథము వెలువరించిరి. పరిశోధకుని పుస్తకమున బియ్యము అని వ్రాసికొనిన చాలదనియు, ఏ బియ్యమో, ఎట్లు దంచినదో వ్రాయనిచో తూకము వ్యర్థమనియు దీనివలన తేలినది.

ఆ మరుసటి యేడు ఆయనయు కృష్ణనును ఆ ప్రాంతపు శిశుమరణములను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. తెల్లబియ్యము తప్ప వేరెరుగని బీద తల్లుల పాలలో బి1 విటమిను కొరవడును. చూపునకు పుష్టిగానున్న శిశువు మూడు నాలుగు నెలల వయసున హఠాత్తుగా ఊపిరాడక, గుండె ఆగి మరణించును. తల్లి కడుపునిండ భుజించినది. శిశువు కడుపునిండ పాలు త్రాగినది. ఎవరి కంటికిని ఆకలి కనబడలేదు. శిశువు ఆహారమును కొలువవలెనన్న తల్లి కంచమునుండి ఆరంభింపవలెనని చెప్పుటకు ఇంతకన్న కఠినమైన నిదర్శనము లేదు.

బడిపిల్లల మీద జరిగిన ప్రయోగము దీనికన్న సంతోషకరమైనది. కొందరు పిల్లలకు వారి మామూలు భోజనముతో పాటు వెన్నతీసిన పాలపొడితో చేసిన పాలను దినదినము ఇచ్చి, తక్కినవారికి మామూలు భోజనమే పెట్టి, వారి యెత్తును బరువును కొలిచి చూచిరి. పాలు త్రాగిన పిల్లలు మిన్నగా పెరిగిరి. వెన్న తీసిన పాలను హీనముగా చూచు వారికి ఈ ఫలితము వింతగా తోచి యుండును.

1943లో వంగదేశమున ఘోరమైన కరవు వచ్చెను. తిండి లేని పల్లె ప్రజలు కలకత్తా వీధులకు చేరి, బాటల ప్రక్కన పడి మరణించిరి. కరవునకు కారణములు విచారించుటకు ప్రభుత్వము 1944లో ఒక సంఘమును నియమించెను. సర్ జాన్ ఉడ్‌హెడ్ దాని యధ్యక్షుడు. సభ్యులలో మన తెలుగువాడైన సొంటి వెంకట రామమూర్తి యుండెను, ఐక్రాయిడును ఉండెను. ఎందరు మరణించిరో లెక్క తేల్చు భారము ఐక్రాయిడు మీద పడినది. అందుబాటులోనున్న మరణముల లెక్కల నుండి ఆయన గట్టిన సంఖ్య పదునైదు లక్షలు. 1945లో సంఘము ప్రకటించిన నివేదికలో ఆ సంఖ్యయే చేరినది. అది మిక్కిలి తక్కువయని, ముప్పది నలుబది లక్షలమంది మరణించిరని పలువురు విమర్శించిరి.

యుద్ధము ముగిసినది. ఐక్రాయిడు కూనూరును విడిచి, 1946లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో పోషకాహార శాఖకు మొదటి అధిపతి యయ్యెను. 1960 వరకు ఆ పదవిలో నుండెను. ఆహార పరిశీలనలు ఎట్లు జరుపవలెనో తెలుపు పుస్తకమును ఆ శాఖ 1949లో ప్రకటించెను. ఆఫ్రికాలో తమ్ముడో చెల్లెలో పుట్టగానే చనుబాలు మాన్పింపబడి, పిండివంటి ఆహారముపై పడి, ఒళ్ళు ఉబ్బి కృశించు పిల్లల వ్యాధిని గూర్చి ప్రపంచమునకు తెలిపిన 1952 నాటి నివేదికయు ఆ కాలమునదే. క్వాషియోర్కరు అని దాని పేరు. ఆ వ్యాధి మన దేశపు పిల్లలకును కొత్తది కాదు.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందెను. నీలగిరులలో నుండి జొన్నలు తిను నేలకు వచ్చినందున దాని చూపును జొన్నవైపు తిరిగెను. జొన్నయే ప్రధానాహారముగాగల బీదలకు పెల్లగ్రా యను చర్మవ్యాధి వచ్చుటను గోపాలను, శ్రీకంఠయ్యలు 1960లో పరిశోధించి ప్రకటించిరి. అప్పటికి కరీంనగరు మాగాణులకు శ్రీరాంసాగరు కాలువలు రాలేదు. జొన్నయు మక్కయు పెక్కుమంది పేదల తిండి. ఐక్రాయిడు ఆరంభించిన పట్టికలను సవరించి విస్తరింపజేసిన గ్రంథమును ఈ సంస్థ 1971లో వెలువరించెను. తిరిగి క్రొత్తగా పరీక్షించిన పట్టికలు 2017లో వెలువడినవి.

బిడ్డ గిన్నె ప్రశ్న మాత్రము తీరలేదు. ప్రతి యింటను దినమంతయు కూర్చుండి తూచుట ఎందరి వలన నగును? అందుచే తల్లినే అడిగి, ముందుగా కొలత నిర్ణయించిన గిన్నెలను ఆమె ముందుంచి, బిడ్డకు ఏ గిన్నెతో ఎంత పెట్టినదో చూపుమని కోరు పద్ధతి ఏర్పడినది. ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మవచ్చును? ఆ సంస్థకు చెందిన తిమ్మాయమ్మ, హనుమంతరావులు, బడి యీడు రాని పిల్లల విషయమున తల్లులు చెప్పిన లెక్కను, ప్రత్యక్షముగా చూచి తెలిసికొన్న లెక్కను ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించి 1969లో ప్రకటించిరి. పెక్కుమంది పిల్లల సగటును తెలిసికొనుటకు అడుగు పద్ధతి పనికివచ్చును. ఒక్క బిడ్డ సంగతి నిశ్చయముగా తెలియవలెనన్న త్రాసే శరణ్యము. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ అనేక సంవత్సరములు రాష్ట్రములందు ఇట్టి పరిశీలనలు జరిపినది. పెద్దలకు చాలినంత తిండియున్న యిండ్లలో సైతము చిన్నపిల్లలకు చాలకుండుట అందు పలుమారులు కనబడినది. కుండను తూచి ఊరకున్నవారికి అది ఎన్నటికిని తెలిసెడిది కాదు.

ఐక్రాయిడు ఉద్యోగవిరమణానంతరము లండనులో బోధించుచు గ్రంథములు వ్రాయుచు గడపెను. చక్కెర చరిత్రను గూర్చి 1967లో ఒకటి, కరవులను గూర్చి 1974లో ఒకటి ప్రకటించెను. ఈ రెండవ గ్రంథమున ఆయన తన పాత లెక్కను మరల విప్పెను. వంగదేశపు కరవు మృతుల సంఖ్యను తానే గట్టితినని ఒప్పుకొని, అది తక్కువ లెక్కయని ఇప్పుడు తనకు తోచుచున్నదని వ్రాసెను. ఊరు విడిచి వచ్చి బాటప్రక్కన పడి మరణించినవారు తన లెక్కలో తగినంతగా చేరలేదనియు, అట్లని విమర్శకుల సంఖ్యను కూడ తాను అంగీకరింపననియు తెలిపెను. అప్పటికి కరవు గడచి ముప్పది యేండ్లు దాటినది. ఆ లెక్క ఎవరిదని ఆయనను నిలదీసి యడుగుచున్నవారు లేరు. ఆ పుస్తకము వెలువడిన అయిదేండ్లకు, 1979లో, ఆయన మరణించెను.